ఊరి ఆరోగ్య కార్యకర్తకు అండగా నిలిచిన సంస్థలు ఎలా పుట్టాయి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని కలిపి తీసుకుంటున్నాను. నాలుగూ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తల గురించి, వారి వెనుక నిలబడే స్వచ్ఛంద సంస్థల గురించి అడిగినవే కాబట్టి ఒక జవాబు మరొక జవాబుకు కొనసాగింపుగా ఉంటుంది.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. అమెరికాలో చదువుకుంటున్న మా మనవరాలు అక్కడి ఒక స్వచ్ఛంద సంస్థకు నెలనెలా కొంత డబ్బు ఇస్తున్నది. ఆఫ్రికాలోని లైబీరియా దేశంలో ఊరి ఆరోగ్య కార్యకర్తలకు అండగా ఉండే సంస్థ అని, దాన్ని పెట్టినాయన మన దేశపు మూలాలున్న డాక్టరని చెప్పింది. ఆ సంస్థ ఎలా పుట్టింది? దవాఖానలు కట్టించవచ్చు, మందులు పంపవచ్చు; కార్యకర్తల కోసమే ప్రత్యేకంగా ఒక సంస్థ ఎందుకు అవసరమైంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: అయ్యా, మీ మనవరాలు చెప్పిన సంస్థ పేరు లాస్ట్ మైల్ హెల్త్. దాని స్థాపకుల్లో ముఖ్యులు డాక్టర్ రాజ్ పంజాబీ. భారతదేశం నుంచి పశ్చిమ ఆఫ్రికాకు వలస వెళ్లిన కుటుంబంలో, లైబీరియా రాజధాని మన్రోవియాలో ఆయన 1981లో పుట్టారు. 1989 చివర్లో ఆ దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. తొమ్మిదేళ్ల వయసులో ఆయన కుటుంబంతో పాటు దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. చివరికి ఆ కుటుంబం అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో నిలదొక్కుకున్నది. రెండు విడతలుగా సాగిన యుద్ధం 2003లో ముగిసింది. 2005లో ఆయన వైద్య విద్యార్థిగా పుట్టిన గడ్డకు తిరిగి వెళ్లేసరికి, దాదాపు 40 లక్షల జనాభాకు అక్కడ మిగిలి ఉన్న వైద్యులు 51 మంది. మన వరంగల్‌లో ఎంజీఎం దవాఖానలో, కాకతీయ మెడికల్ కాలేజీలో పనిచేసే వైద్యులను లెక్కపెట్టినా అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. రాజధానికి దూరంగా, అడవుల మధ్య ఉన్న జిల్లాల ప్రజలకు వైద్యుడు కంటికి కనిపించడమే అరుదు.

2007లో పంజాబీ, ఆయన భార్య అమీషా, యుద్ధం నుంచి బతికి బయటపడిన కొందరు లైబీరియన్లు, కొందరు అమెరికన్ ఆరోగ్య కార్యకర్తలు కలిసి ఒక చిన్న సంస్థను మొదలుపెట్టారు. దానికి తొలి పెట్టుబడి ఆ దంపతుల పెళ్లికి కానుకలుగా వచ్చిన 6,000 డాలర్లు. అప్పట్లో సంస్థ పేరు తియాతియెన్ హెల్త్. దేశానికి ఆగ్నేయాన, ఐవరీ కోస్ట్ సరిహద్దులో ఉన్న గ్రాండ్ గెడే జిల్లాలోని జ్వెడ్రు పట్టణంలో వారు పని ప్రారంభించారు. మొదట ఎత్తుకున్నది హెచ్‌ఐవీ సోకినవారికి చికిత్స. ఆ రోజుల్లో పల్లె ప్రాంతంలో ఆ చికిత్సను ప్రభుత్వ దవాఖాన ద్వారా అందించడమే లైబీరియాలో కొత్త సంగతి.

ఆ సంస్థ ఊరి కార్యకర్తల వైపు తిరగడానికి కారణం ఆ చికిత్సలోనే ఉంది. హెచ్‌ఐవీ మందులు ఒక వారం మింగి ఆపేసేవి కావు. జీవితాంతం, ఒక్క పూట తప్పకుండా వేసుకోవాలి. మందు దవాఖాన అలమారలో ఉంటుంది; రోగి ఇల్లు వాగులు దాటి, కాలిబాటన నడిచి వెళ్లవలసిన చోట ఉంటుంది. దారి ఖర్చు లేక ఒక నెల రాలేకపోయినవాడు, ఊళ్లో అందరికీ తెలిసిపోతుందన్న భయంతో మందు దాచుకున్నవాడు, తిండి లేక కడుపు మండి మాత్ర మానేసినవాడు, వీరంతా వైద్యుల చిట్టాలో మందు మానేసిన రోగులుగానే మిగులుతారు. వారి గడప దాకా వెళ్లి, పక్కన కూర్చుని, మానేసిన కారణం ఏమిటో అడిగి తెలుసుకోగలిగేది అదే ఊరి మనిషి మాత్రమే. అందుకని రోగుల ఇరుగుపొరుగు నుంచే కొందరిని ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, ఆ పని అప్పగించారు. హెచ్‌ఐవీకి పనికివచ్చిన ఈ పద్ధతి పిల్లల మలేరియాకు, నిమోనియాకు, విరేచనాలకు ఎందుకు పనికిరాదన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. 2012లో ఇంకా లోపలి అటవీ ప్రాంతమైన కొనోబోలో ఆ పని మొదలైంది. సంస్థ పేరు కూడా తరువాతి కాలంలోనే మారింది.

2014లో ఎబోలా వచ్చింది. వైద్య సిబ్బందే ఆ జబ్బుకు బలవుతుంటే ఎన్నో ఆరోగ్య కేంద్రాలు మూతపడ్డాయి, జనం దవాఖాన అంటేనే భయపడ్డారు. పశ్చిమ ఆఫ్రికాలో 11 వేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ ఉపద్రవం లైబీరియా ప్రభుత్వానికి ఒక విషయం తేటతెల్లం చేసింది. అడవి పల్లెలో ఒక వింత జ్వరం మొదలైనప్పుడు దాన్ని మొదటగా గుర్తించి కబురు పంపే మనిషి అక్కడ లేకపోతే, ఆ జబ్బు రాజధానికి చేరేదాకా ఎవరికీ తెలియదు. 2016లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ అధ్యక్షురాలిగా ఉండగా, దేశవ్యాప్తంగా కమ్యూనిటీ హెల్త్ అసిస్టెంట్ల కార్యక్రమాన్ని ప్రభుత్వమే మొదలుపెట్టింది. ఆరోగ్య కేంద్రానికి 5 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న పల్లెలకు ఆ కార్యకర్తలను నియమిస్తారు. నెలకు 70 డాలర్ల జీతం అప్పట్లో నిర్ణయించారు. శిక్షణ విడతల వారీగా సాగుతుంది. మందుల సంచీ ప్రభుత్వ గొలుసు ద్వారానే వస్తుంది. పది మంది కార్యకర్తలకు ఒకరు చొప్పున నర్సు స్థాయి పర్యవేక్షకులు ఊళ్లకే వచ్చి, పక్కన ఉండి పని చూసి సరిదిద్దుతారు. లాస్ట్ మైల్ హెల్త్ ఈ కార్యక్రమానికి రూపకల్పనలో, నిర్వహణలో తోడుగా నిలిచింది.

ఇక మీ రెండో ప్రశ్న. కార్యకర్తల కోసమే ఒక సంస్థ ఎందుకు?

ఊరి మనిషికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి వైద్యసేవలో నిలపడం పాత ఆలోచనే. 1930లలో చైనాలోని డింగ్‌షియన్ ప్రాంతంలో రైతులకు కొద్ది వారాల శిక్షణ ఇచ్చి మశూచి టీకాలు వేయించారు, జనన మరణాలు రాయించారు. 1960ల చివర్లో ఆ దేశమంతటా చెప్పుల్లేని వైద్యుల (బేర్‌ఫుట్ డాక్టర్ల) పేరుతో లక్షల మంది ఆ పనిలో దిగారు. 1978 సెప్టెంబరులో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటా నగరంలో 134 దేశాల ప్రతినిధులు కలిసి, ప్రాథమిక ఆరోగ్యమే అందరికీ ఆరోగ్యానికి దారి అని ప్రకటించినప్పుడు ఊరి కార్యకర్తలకు అందులో చోటు దక్కింది. మన దేశం అంతకు ఏడాది ముందే, 1977 అక్టోబరు 2న, గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకం ప్రారంభించింది. మూడు నెలల శిక్షణ, ఒక మందుల పెట్టె, నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. ఎంపికైనవారిలో ఎక్కువమంది మగవారు. చాలాచోట్ల ఊరి పెద్దల పలుకుబడి చూసి ఎంపిక జరిగింది. పెట్టెలో మందులు అయిపోతే మళ్లీ నింపేవారు లేరు, పని ఎలా చేస్తున్నారో చూసేవారు లేరు. కొన్నేళ్లకే పథకం కాగితాల మీద మిగిలింది. ఆ దశాబ్దంలో ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో మొదలైన ఇలాంటి పథకాల్లో చాలావాటికి ఇదే గతి పట్టింది.

వాటి వైఫల్యాన్ని చూసి, చదువు తక్కువ ఉన్న పల్లె జనంతో వైద్యం చేయించడం కుదరదని తీర్మానించిన నిపుణులు ఎందరో ఉన్నారు. ఆ తీర్మానాన్ని నేను ఒప్పుకోను. కార్యకర్తను ఎంచుకున్న తరువాత శిక్షణ, మందులు, పర్యవేక్షణ, జీతం అనే నాలుగింటిని ఆమె వెనుక నిలపకుండా, ఆమె త్యాగం మీద మాత్రమే ఆధారపడిన పథకాలు పడిపోయాయి. ఆ నాలుగూ ఉన్నచోట ఇదే పని ఎంత గొప్పగా సాగుతుందో చూపడానికి స్వతంత్రంగా ప్రయోగం చేసే మనుషులు కావలసి వచ్చింది. మీరు అడిగిన సంస్థల పుట్టుకకు మూలం అదే.

వీటిలో ముందువరుసలో నిలిచేది హైతీ దేశంలో పుట్టిన పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్. పెలిగ్ర్ ఆనకట్ట కింద 1956లో పొలాలు మునిగిపోయిన రైతులు కొండ మీద గుడిసెలు వేసుకున్న ఊరు కాంజ్. ప్రాజెక్టుల కింద ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాలను గోదావరి, మానేరు తీరాల్లో చూసినవారికి ఆ పేదరికం ఎలాంటిదో వివరించనక్కరలేదు. 1983లో యువకుడైన పాల్ ఫార్మర్ అక్కడికి వెళ్లారు. 1985లో ఒక క్లినిక్ తెరిచారు. 1987లో ఒఫీలియా డాల్, జిమ్ యాంగ్ కిమ్, టాడ్ మెక్‌కార్మాక్, టామ్ వైట్‌లతో కలిసి బోస్టన్‌లో సంస్థను నెలకొల్పారు. టామ్ వైట్ కట్టడాల కాంట్రాక్టరు; తొలి నిధులు ఆయనవే. క్షయ రోగుల్లో కొందరికి మందులతో పాటు రోజూ ఇంటికి వచ్చే కార్యకర్త తోడును, తిండికి, దారి ఖర్చులకు కొంత సొమ్మును కూడా ఇచ్చి చూస్తే అందరూ కోలుకున్నారు. అవే మందులు ఉచితంగా తీసుకుని ఇంటికి వెళ్లినవారిలో దాదాపు సగం మందికే నయమైంది. మందు ఒక్కటే. తేడా తెచ్చింది తోడు, తిండి. మీ మనవరాలు ఇచ్చే డబ్బు అలాంటి తోడుకే ఖర్చవుతున్నదని నిశ్చింతగా నమ్మవచ్చు.

ప్రశ్న: నమస్తే సార్. నేను ఏజెన్సీ గూడేల్లో ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. వానకాలంలో వాగు దాటి పోతాను, రాత్రిపూట గర్భిణిని తీసుకుని పెద్ద దవాఖానకు పోతే తెల్లారేదాకా వరండాలో కూర్చుంటాను. మా పని ఎక్కడి నుంచి వచ్చింది? మా కోసం పుట్టిన సంస్థ మన దేశంలో ఏదైనా ఉన్నదా? ఉంటే మా జీతం గురించి అది ఏమన్నది?
– ఆశా కార్యకర్త, ములుగు జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మీ పనికి మూలాలు చాలావరకు మీ పొరుగునే ఉన్నాయి. కాళేశ్వరం దగ్గర వంతెన దాటితే వచ్చే సిరొంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలోనిది. అదే జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో సెర్చ్ అనే సంస్థను ప్రారంభించారు. ఇద్దరూ అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదివి, దేశంలో అత్యంత వెనుకబడిన జిల్లాల్లో ఒకటైన గడ్చిరోలికి కావాలనే వచ్చినవారు. మొదట్లో వారికి పని చేసుకోవడానికి దొరికిన చోటు ఒక తునికాకు గోదాము. మీ ప్రాంతంలో ఎండాకాలమంతా తునికాకు కట్టలు కట్టే చేతులకు ఆ గోదాము ఎలా ఉంటుందో తెలుసు.

ఆ జిల్లాలో అప్పుడు పుట్టిన ప్రతి వెయ్యి మంది పసిపిల్లల్లో 121 మంది ఏడాది నిండకముందే చనిపోయేవారు. బిడ్డ పుట్టిన మొదటి నెలలో వచ్చే చావులను ఆపాలంటే పెద్ద దవాఖాన, ఇంక్యుబేటరు, పిల్లల డాక్టరు తప్పనిసరి అని వైద్యలోకం అనుకుంటున్న కాలమది. ఆ బాలింతలు దవాఖానకు రాలేరు. కాన్పు గుడిసెలోనే, ఆ తరువాత రోజులు మూలగదిలోనే. బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. బిడ్డను తూచడం, వెచ్చగా చుట్టి ఉంచడం, తల్లిపాలు పట్టించడం, ఊపిరి ఆడని బిడ్డకు ఊపిరి అందించడం, ఒంట్లో చీము విషం పాకిన బిడ్డను గుర్తించి ఇంట్లోనే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సూది వేయడం దాకా నేర్పారు. 39 ఊళ్లలో ఈ పని నడిపి, అలాంటివే మరో 47 ఊళ్లతో పోల్చి చూస్తే, మూడో ఏడాదికి మొదటి నెల శిశుమరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో ఆ ఫలితాలు లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చాయి. ఊరి ఆడమనిషి చేతికి సూది ఇవ్వడమా అని వైద్యుల్లోనే అభ్యంతరాలు వచ్చిన మాట నిజమే. కానీ బతికిన పిల్లల లెక్క ముందు ఆ అభ్యంతరం నిలవలేదు.

దానికన్నా ముందు, 1970లో, వెల్లూరులో వైద్యం చదివిన రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు మహారాష్ట్రలోనే జామ్‌ఖేడ్‌లో ఇలాంటి పనికి పూనుకున్నారు. బయటి నుంచి వచ్చిన నర్సులకు ఊళ్లతో పొసగకపోవడంతో వారు ఊరి ఆడవాళ్లనే ఎంచుకున్నారు. వారిలో చాలామంది దళిత స్త్రీలు, అక్షరం రానివారు. కరువు రోజుల్లో జనానికి మందుకన్నా ముందు నీళ్లు కావాలని గ్రహించి బోర్లు వేయించారు. 1979లో ఆ దంపతులకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ తరువాత మీకు ఇరుగుపొరుగైన ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడిన కొద్దికాలానికే, 2002లో, మితానిన్ పేరుతో ప్రతి పారాకు, అంటే ఊళ్లోని ప్రతి వాడకు, ఒక కార్యకర్తను నిలిపింది. ఈ అనుభవాలన్నిటి నుంచి 2005 ఏప్రిల్ 12న మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌లో ఆశా పుట్టింది. 2011లో గడ్చిరోలి పద్ధతి మీ పనిలోకి వచ్చింది. దవాఖానలో కాన్పయిన బిడ్డను 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో కాన్పయితే ఏడుసార్లు చూసి, ఆ చూపులన్నీ పూర్తయితే 250 రూపాయలు తీసుకునే లెక్క మీకు నాకన్నా బాగా తెలుసు.

జీతం సంగతి దగ్గర నేను మెత్తగా మాట్లాడలేను. గడ్చిరోలిలో నిరూపించిన పనిని ప్రభుత్వం తీసుకున్నది. ఆ పని వెనుక ఉన్న పర్యవేక్షణను, సరఫరాను అంత శ్రద్ధగా తీసుకోలేదు. ఆశాను ఉద్యోగిగా గుర్తించకుండా స్వచ్ఛంద సేవకురాలిగా పేర్కొని, పనికింత అని పారితోషికం కట్టింది. తెలంగాణలో ఆ పారితోషికాన్ని 2021 నుంచి వర్తించేలా 7,500 నుంచి 9,750 రూపాయలకు పెంచారు. నెలకు 18 వేల స్థిర వేతనం కావాలని 2023లో మీ సంఘాలు సమ్మె చేశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు రెండు మాటలు స్పష్టంగా చెప్పాయి. కార్యకర్త చేసే పనికి, ఆమె మీద పెట్టిన బాధ్యతకు, ఆమె వెచ్చించే సమయానికి తగిన వేతనం ఇవ్వాలి. పూర్తిగా గానీ ప్రధానంగా గానీ పనికింత అనే ప్రోత్సాహకాల మీద ఆ వేతనాన్ని ఆధారపరచకూడదు. 2022లో అదే సంస్థ దేశంలోని ఆశా కార్యకర్తలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ఇచ్చింది. పురస్కారం ఇచ్చినవారి మార్గదర్శకాన్నే మీ వినతిపత్రానికి జతచేయండి. మీ కోరిక న్యాయమైనదని చెప్పడానికి అంతకన్నా గట్టి కాగితం లేదు.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతున్నాను. లెక్కలు కూడా సరిగా రాని పల్లె స్త్రీలు పసిపిల్లల నిమోనియాను కనిపెట్టారని మా మేడమ్ చెప్పారు. అది ఎలా సాధ్యమైంది?
– నర్సింగ్ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: నిమోనియాను స్టెతస్కోపు లేకుండా గుర్తించే గుర్తు శ్వాస వేగం. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డ 50 సార్లు అంతకు మించి ఊపిరి తీస్తుంటే ప్రమాదమని మీ పాఠంలో ఉంటుంది. యాభై, అరవై దాకా తడబడకుండా లెక్కించలేని మంత్రసానులకు సెర్చ్ సంస్థ పూసలు గుచ్చిన ఒక చిన్న పనిముట్టు చేసి ఇచ్చింది. నిమిషంలో జారిపోయే ఇసుక గడియారం దానికి తోడు. బిడ్డ పది ఊపిర్లు తీసినప్పుడల్లా ఒక పూస జరపాలి. రెండు నెలల లోపు పిల్లలకు ఒక వరుస, పెద్ద పిల్లలకు మరొక వరుస. ఇసుక పూర్తిగా జారేలోపే ఎర్ర పూస దాకా చేరితే అది నిమోనియా. పది దాకా లెక్కపెట్టగలిగిన మనిషి ఎవరైనా దీన్ని వాడగలరు. ఆమె నిరక్షరాస్యత ఇక్కడ అడ్డంకి కాలేదంటే, పనిముట్టు తయారుచేసినవారు ఆమె పక్కన కూర్చుని ఆలోచించారన్న మాట.

మన పక్క దేశం బంగ్లాదేశ్‌లో ఇంకా పెద్ద ఎత్తున జరిగిన పని ఒకటుంది. షెల్ కంపెనీలో అకౌంటెంటుగా ఉన్న ఫజ్లే హసన్ అబేద్, 1970 నాటి తుఫాను, 1971 యుద్ధం చూసిన తరువాత, లండన్‌లోని తన ఫ్లాటు అమ్మి ఆ సొమ్ముతో 1972లో శరణార్థుల పునరావాసం కోసం బ్రాక్ సంస్థను మొదలుపెట్టారు. విరేచనాలతో చనిపోయే పిల్లలను కాపాడటానికి 1980 నుంచి పదేళ్లపాటు బ్రాక్ కార్యకర్తలు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, ఒక పిడికెడు బెల్లం, అర్ధసేరు నీళ్లు కలపడం తల్లులకు నేర్పారు. వారి జీతం ఎన్ని ఇళ్లు తిరిగారన్న దాన్నిబట్టి ఉండేది కాదు. తరువాత వేరే మనిషి కొన్ని ఇళ్లకు వెళ్లి, తల్లికి ఎంత గుర్తుందో అడిగి చూసేవారు. ఆమె ఎంత బాగా చెబితే, నేర్పిన కార్యకర్తకు అంత సొమ్ము. మొదట్లో నేర్చుకున్న తల్లులు కూడా దాన్ని వాడకపోవడానికి కారణం వెతికితే, నేర్పే కార్యకర్తలకే ఉప్పునీళ్ల మీద నమ్మకం లేదని తేలింది. వారిని ఢాకాకు పిలిపించి, ఆ నీళ్లు ఒంట్లో ఎలా పనిచేస్తాయో విడమరిచి చెప్పారు. శిక్షణ అంటే మన నర్సింగ్ కాలేజీల్లో వల్లె వేయించడమే అనుకునే కాలంలో ఈ చిన్న సంగతి నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

మరో రకం అండ కూడా ఉంది. లండన్‌లో పిల్లల ఆరోగ్యం బోధించిన డేవిడ్ మోర్లీ, అంతకుముందు నైజీరియా పల్లెల్లో పనిచేస్తూ, బిడ్డ బరువు పెరుగుదలను తల్లి చేతిలోనే ఉండే చార్టు మీద గీసే పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. మన అంగన్‌వాడీల్లో కనిపించే పెరుగుదల చార్టుకు అది పూర్వరూపం. ఆయన దగ్గర చదువుకుని సొంత దేశాలకు వెళ్లే విద్యార్థులు పాఠాల్లో వాడిన స్లైడ్లు తమకూ కావాలని అడగడంతో, తక్కువ ఖర్చుతో బోధనా సామగ్రిని పంపే టాల్క్ అనే ధార్మిక సంస్థ 1965లో పుట్టింది. కార్యకర్తలకు జీతం ఇవ్వలేని సంస్థ కూడా ఇలాంటి దారి పట్టవచ్చు.

ప్రశ్న: మేము భూపాలపల్లి చుట్టుపక్కల ఊళ్లకు చెందిన స్నేహితులం. ఉద్యోగాలు చేసుకుంటున్నాం. ఆశా కార్యకర్తలకు తోడ్పడే సంస్థను రిజిస్టర్ చేయాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? విదేశాల్లో ఉన్నవారి దగ్గర చందాలు తీసుకోవచ్చా?
– కొందరు యువకులు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా

జవాబు: తమ్ముళ్లారా, ముందు చట్టం సంగతి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కలిసి, నియమావళి రాసుకుని, రిజిస్ట్రారుకు దరఖాస్తు చేయాలి. దాతలకు పన్ను మినహాయింపు దొరకాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర విడిగా నమోదు కావాలి. విదేశీ పౌరులు, సంస్థలు ఇచ్చే సొమ్ము ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషనుకు సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో సేవా కార్యక్రమాల మీద కనీసం 15 లక్షల ఖర్చు ఉండాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది ఈ నిబంధన కిందికి రాదు. సింగరేణి వంటి కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు దరఖాస్తు చేయాలన్నా విడిగా నమోదు ఉండాలి. కాబట్టి మొదటి మూడేళ్లు మీ జీతాల నుంచి నెలనెలా వేసుకునే చందాతోనే నడపడానికి సిద్ధపడండి. రశీదు పుస్తకం, ఏటా ఆడిట్ మొదటి రోజు నుంచే ఉండాలి.

ఏ పని ఎత్తుకోవాలన్న దానిమీద నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. ఆశాకు కొత్త పని పెట్టే ఏ కార్యక్రమమూ తలపెట్టకండి. ఇప్పటికే ఆమె మీద సర్వేలు, రిజిస్టర్లు, యాప్‌లు చాలా ఉన్నాయి. సన్మానాలు చేసి శాలువాలు కప్పే కార్యక్రమాలకు ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆమె రావలసి వస్తుంది; అలా పిలిస్తే ఆ రోజు సొమ్ము చెల్లించి పిలవండి. గర్భిణితో వచ్చిన ఆశా రాత్రిపూట నడుం వాల్చడానికి జిల్లా దవాఖాన ఆవరణలో ఒక శుభ్రమైన గది, మరుగుదొడ్డి, తాళం వేసుకునే తలుపు ఏర్పాటయ్యేలా దవాఖాన అధికారులతో కలిసి పనిచేయగలిగితే, పై ఉత్తరం రాసిన చెల్లెలి లాంటివారికి అది నిజమైన సాయం. టార్చిలైటు, వానకోటు, బిడ్డను తూచే త్రాసు, థర్మామీటరు బ్యాటరీ వంటివి చిన్నవే అయినా పాడైన వెంటనే మళ్లీ దొరికే ఏర్పాటు ఉండాలి. మందులు మాత్రం మీరు కొని పంచకండి. అవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచే రావాలి, లేకుంటే మీరు ఆపిన రోజున ఆమె సంచీ ఖాళీ అవుతుంది. నేను పైన చెప్పిన సంస్థల్లో నిలిచినవన్నీ ప్రభుత్వాన్ని పక్కకు నెట్టకుండా, దాన్ని పని చేయించే దిశగా నడిచినవే.

నెలకోసారి మీ మండల ఆరోగ్య కేంద్రంలో జరిగే ఆశా డేకు వైద్యాధికారి అనుమతితో వెళ్లి, వెనుక వరుసలో కూర్చుని వినండి. ఎవరికి ఏం కావాలో రాసుకుని, ప్రభుత్వం ఇవ్వవలసినవి ఒక పక్క, మీరు ఇవ్వగలిగినవి మరో పక్క వేరుచేయండి. మొదటి పక్కన ఉన్నవాటికి జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. రెండో పక్కన ఉన్నవాటిలో ఒక్కదాన్ని, ఒక్క మండలంలో, ఏడాది పాటు చేసి చూడండి. రిజిస్ట్రేషన్ ఆ తరువాత చేసుకున్నా ఆలస్యం కాదు.